తంతినుండి చేతిఫోను వఱకు: మన తలపును, మన మాటయు

వికారాబాదు జంక్షనునుండి పడమటి వైపునకు రెండు రైలుదారులు పోవుచున్నవి. ఒకటి తాండూరు మీదుగా వాడికిని, మఱొకటి బీదరు మీదుగా పర్లికిని చేరును. ఇందు మొదటిది 1874వ సంవత్సరమున నిజాము రాజ్యపు రైలుమార్గముగా నడువనారంభించెను. రైలుపట్టాల వెంబడి స్తంభములును, స్తంభముల మీద తంతియు వచ్చెను. అంతకుముందు మనుష్యుడు కాలినడకనో, గుఱ్ఱము మీదనో ఎంత వేగముగా పోగలడో, వార్తయు నంత వేగముగానే పోయెడిది. తంతి వచ్చిన పిమ్మట వార్త మనుష్యుని విడిచి ముందుగా పరుగెత్తసాగెను. నేడు మీ చేతులలోనున్న ఫోను ఆ పరుగునకు కడపటి రూపము.

ఈ వ్యాసమున నేను యంత్రములను పొగడదలచుకొనలేదు, తెగడదలచుకొననులేదు. ఒక పనిని యంత్రమునకు అప్పగించినపుడు, ఆ పనితోకూడ మన మనస్సులోని శక్తిని ఎంతవఱకు అప్పగించుచున్నామో విచారించుటయే నా యుద్దేశము. ఈ విచారణకు కావలసిన నిదర్శనములు దూరదేశములలోనే గాక, మన వికారాబాదు తాండూరు ప్రాంతమునందును, దాని పొరుగుననే దొరకుచున్నవి.

1. పాతకాలపు సందేహము

ఈ సందేహము క్రొత్తది కాదు. సుమారు 2400 సంవత్సరములకు పూర్వము గ్రీసు దేశమున ప్లేటో అను తత్త్వవేత్త తన గురువైన సోక్రటీసు నోట ఒక కథ చెప్పించెను. ఐగుప్తు దేశమున థూత్ అను దేవత అక్షరములను కనిపెట్టి, ఇవి ప్రజల జ్ఞాపకశక్తిని పెంచునని రాజుతో చెప్పెనట. రాజు దానికి సమ్మతింపలేదు. జనులు అక్షరములను నమ్ముకొని తమ జ్ఞాపకమును సాధన చేయుట మానుదురనియు, నిజముగా నేర్వకయే నేర్చినవారివలె కనబడుదురనియు అతడు ప్రత్యుత్తరమిచ్చెనట.

ఇందొక వింత గలదు. ఈ యాక్షేపణ నేటికి మనకు తెలియుట ప్లేటో దానిని వ్రాసిపెట్టుటచేతనే గదా! కావున అక్షరము మన నుండి కొంత తీసికొనినను, అంతకంటె నెక్కువ యిచ్చెనని ఒప్పుకొనవలెను. ఐనను రాజు పలికినది పూర్తిగా అబద్ధము కాదు. మన పల్లెలలో ఒగ్గుకథ చెప్పువారు పుస్తకము చూడకయే రాత్రులకొలది కథను నడిపింపగలరు. చదువుకొన్న మనము నాలుగు పద్యములు అప్పగించుటకు తడబడుదుము. ప్రతి సాధనమును ఒక చేత ఇచ్చి, మఱొక చేత తీసికొనును. ఇచ్చినదెంత, తీసికొనినదెంత అని లెక్క చూచుకొనుట బుద్ధిమంతుల లక్షణము.

2. తంతి నేర్పిన పొదుపు

తంతి పంపువారు మాటకింత అని రుసుము చెల్లింపవలసియుండెను. అందుచేత ఫారము నింపుటకు ముందు ఏ మాట కావలెను, ఏ మాట అక్కఱలేదు అని ప్రతివాడును ఆలోచించెడివాడు. రెండు మాటలలో మరణవార్తయు, మూడు మాటలలో ఉద్యోగవార్తయు ఇమిడెడివి. తంతి వచ్చినదనగానే ఇంటిల్లిపాదియు గుండెలు చేతబట్టుకొని నిలిచెడివారు.

కాని తంతియందును ఒక లోపముండెను. పండుగ శుభాకాంక్షలకును, పెండ్లి ఆశీస్సులకును తంతిశాఖవారు కొన్ని వాక్యములను సిద్ధముచేసి వానికి సంఖ్యలు వేసియుండిరి. పంపువాడు సంఖ్య చెప్పిన చాలును; అందుకొనువానికి పూర్తి వాక్యము చేరును. ప్రేమను సంఖ్యగా పంపుట అప్పుడే మొదలైనది. నేడు మనము ఫోనులో పంపుచున్న నవ్వు బొమ్మలు, దండము బొమ్మలు, ఎవరో తయారుచేసిన పండుగ చిత్రములు ఆ సంఖ్యలకు మనుమలే.

మన దేశమున తంతిసేవ 2013వ సంవత్సరము జూలై నెలలో నిలిచిపోయెను. ఇప్పుడు మాటకు ఖర్చు లేదు. ఖర్చు లేనిచోట ఆలోచనయు తగ్గిపోవుట మనుష్యస్వభావము. ఆ రుసుము పోయినందుకు నేను దుఃఖించుట లేదు. ఆ రుసుముతోబాటు పోయిన క్షణకాలపు ఆలోచన కొఱకు మాత్రము దుఃఖించుచున్నాను.

3. జ్ఞాపకము సంగతి

నా యనుభవమొకటి చెప్పెదను. ఒక సాయంకాలము వికారాబాదునుండి తాండూరునకు రైలులో పోవుచుంటిని. దూరము సుమారు 40 కిలోమీటర్లు. తాండూరులో దిగునప్పటికి నా ఫోను ఆరిపోయెను. నన్ను తీసికొనిపోవుటకు రావలసిన మా తమ్మునికి కబురు చెప్పవలసియుండెను. స్టేషనులోని ఒక పెద్దమనిషి దయతో తన ఫోను నా చేతికిచ్చెను. కాని మా తమ్ముని సంఖ్య నాకు జ్ఞాపకము లేదు. భార్య సంఖ్యయు లేదు. ఎంత యోచించినను చిన్ననాడు మా యింటిలోనుండిన పాత టెలిఫోను సంఖ్య యొక్కటే నోటికి వచ్చెను. ఆ టెలిఫోను తీసివేసి ఎన్నో యేండ్లాయెను. ఫోనును ఆయనకు తిరిగి యిచ్చివేసి, సిగ్గుపడుచు బల్లమీద కూర్చుంటిని.

ఇది నా యొక్కని దౌర్బల్యమే అనుకొంటిని గాని, శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించియున్నారు. 2011వ సంవత్సరమున అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన బెట్సీ స్పారో అను ఆమెయు, ఆమె సహచరులును ఒక పరిశోధనను ప్రకటించిరి. కొందఱి చేత కొన్ని చిన్న సంగతులను కంప్యూటరులో టైపు చేయించిరి. అవి కంప్యూటరులో భద్రముగా నుండునని సగము మందితోను, చెరిపివేయబడునని తక్కిన సగము మందితోను చెప్పిరి. చెరిగిపోవునని తలచినవారే ఆ సంగతులను ఎక్కువగా జ్ఞప్తియందుంచుకొనిరి. పెట్టెలో నున్నదను ధైర్యము కలిగినచో, మనస్సు తాను మోయుట మానునన్న మాట.

దీనికి మఱొక ప్రక్కయు గలదు. లండను నగరమున టాక్సీ నడుపువారు అనుమతిపత్రము పొందుటకు ముందు సుమారు 25,000 వీధులను జ్ఞాపకమున నుంచుకొనవలెను. ఎలినార్ మగ్వైర్ అను శాస్త్రవేత్త 2000వ సంవత్సరమున వారి మెదడులను చిత్రములు తీయించి చూడగా, దారులను జ్ఞాపకముంచుకొనుటకు తోడ్పడు ఒక భాగము వెనుక వైపున ఇతరులకంటె పెద్దదిగా నుండెను. సాము చేసిన కండ బలిసినట్లే, సాధన చేసిన మనస్సును బలియును.

అయినచో అన్నిటిని కంఠస్థము చేయవలెనా? అక్కఱలేదు. రైళ్ల వేళలు, మందుల ధరలు, నూఱుమంది సంఖ్యలు ఫోనులో నుండవచ్చును. కాని తల్లిదండ్రుల సంఖ్యయు, ఇంటికి పోవు దారియు, ఎక్కములును, నేర్చిన పద్యములును మన తలయందే యుండవలెను. ఏలయన, తలలో నున్నదే తలపునకు ముడిసరుకు. పెట్టెలో నున్నదానితో ఎవ్వరును ఆలోచింపజాలరు.

4. మన లిపి, మన మాట

ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుట నేడు పిల్లలలోను పెద్దలలోను సాధారణమైనది. దీనివలన కలుగు నష్టమేమో ఒక చిన్న ఉదాహరణముచే చూడుడు. ఎమ్, ఏ, టీ, ఏ అను నాలుగక్షరములు వ్రాసినచో అది మాట కావచ్చును, మాత కావచ్చును, మత కావచ్చును. కే, ఏ, ఎల్, యూ అని వ్రాసినచో కాలు అని చదువవలెనో, కళ్లు అని చదువవలెనో, కల్లు అని చదువవలెనో తెలియదు. మన లిపి హ్రస్వదీర్ఘములను, లకార ళకారములను, తకార టకారములను, దకార డకారములను వేఱువేఱుగా చూపును. చెవికి వినబడు భేదమును కంటికి చూపుటయే దాని గొప్పతనము. ఆ భేదమును వ్రాయుట మానినవాడు కొంతకాలమునకు పలుకుటయు మానును. తరువాత వినుటయు మానును.

ఇంకొకటి గమనింపుడు. ఫోను మనము ఒక మాట వ్రాయగానే తరువాతి మాట ఏదో తానే చూపుచున్నది. తొందరలో మనము దానినే ముట్టి పంపెదము. మన మనస్సులో నున్న మాట వేఱు. పోయిన మాట వేఱు. ఇట్లు దినదినమును జరిగినచో మన భాష పదిమంది వాడెడి పది మాటలకు కుదించుకొనిపోవును. అవ్వ నోట వినబడు సామెత, పొలములోని పనిముట్టు పేరు, నేలకును వానకును మన ప్రాంతమున గల పలుకులు ఆ పట్టికలో తఱుచుగా నుండవు.

5. వార్తయు, ప్రాణమును

ఇంతవఱకు చెప్పినవి జ్ఞాపకమునకును భాషకును సంబంధించిన నష్టములు. ఇకమీద చెప్పునది ప్రాణమునకు సంబంధించినది.

2018వ సంవత్సరమున పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్ ద్వారా అబద్ధపు వార్తలు దేశమంతటను వ్యాపించెను. ఆ సంవత్సరము జూలై 13వ తేదీన హైదరాబాదునుండి వెళ్లిన కొందఱు యువకులు బీదరు జిల్లాలో ప్రయాణము చేయుచుండిరి. మన వికారాబాదునుండి పోవు రైలుదారి మీదనే యున్న బీదరు అది. ఒక గ్రామమున వారు పిల్లలకు చాక్లెట్లు పంచిరి. చూచినవారికి అనుమానము పుట్టెను. వారు పిల్లల దొంగలను వార్త వాట్సాప్ ద్వారా వారి కారుకంటె ముందుగా పోయి, ముర్కి అను గ్రామమునకు చేరెను. అక్కడ గుంపు దారినడ్డగించి వారిని కొట్టెను. ఒక యువకుడు మరణించెను. అతని తోడివారు గాయపడిరి. అడ్డుపడిన పోలీసులకును దెబ్బలు తగిలెను. మరణించినవాడు సాఫ్ట్‌వేరు ఉద్యోగి, నిరపరాధి.

ఆ గుంపులోనివారు పుట్టుకతో హంతకులు కారు. వారిలో అనేకులు తమ పిల్లలను కాపాడుకొనుచున్నామని నమ్మియుందురు. వారు చేయని పని యొక్కటే: ఇది నిజమా అని అడుగుట. ఆ యడుగుటకు కావలసిన క్షణకాలమును ఫోను వారికీయలేదు, వారును కోరలేదు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థవారు మన దేశమున ఒక సందేశమును ఒక్కసారి ఐదుగురికి లేక ఐదు సమూహములకు మించి పంపరాదని కట్టడి చేసిరి. యంత్రమునకు కళ్లెము వేయుట మంచిదే గాని, చేతికి కళ్లెము వేయవలసినది మనస్సు.

ఆ సంవత్సరముననే మన రాష్ట్రమున జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి మఱొక ఉపాయము చేసిరి. గ్రామములకు పోలీసులను కేటాయించి, వారిచేత జనులతో ముఖాముఖిగా మాట్లాడించిరి. డప్పు చాటింపును, పాటలు పాడువారిని కూడ వాడి, వదంతులను నమ్మవద్దని చెప్పించిరి. ఫోను తెచ్చిన భయమును మనుష్యుని ముఖమును, ఎఱిగినవాని కంఠమును పోగొట్టగలవని దీనివలన తెలియుచున్నది.

మన కన్నులయెదుటనున్న రైలుశాఖ ఈ విషయమున ఒక మంచి పాఠము చెప్పుచున్నది. రైలు వచ్చుచున్నదని స్టేషను మాస్టరు గేటువానికి ఫోనులో చెప్పునపుడు, గేటు వేసితిని అను మాట మాత్రము చాలదు. గేటువాడు తన యొద్దనున్న పట్టికలోనుండి ఒక రహస్యసంఖ్యను చెప్పవలెను. మాస్టరు దానిని పుస్తకమున వ్రాసికొనవలెను. వార్త వినినవాడెవడు, ఒప్పుకొనినవాడెవడు, ఎప్పుడు అను మూడును అందు నమోదగును. తంతి కాలమునుండి రైలువారికి వేగమెంత ముఖ్యమో, సరిచూచుకొనుట అంత ముఖ్యము. మన యింటి ఫోనునకు ఆ నియమమెందులకుండరాదు?

6. దామగుండము చెప్పు నీతి

మన వికారాబాదు జిల్లాలో పూడూరు మండలమున దామగుండము అడవి గలదు. అచ్చట భారత నౌకాదళమువారి రేడియో కేంద్రమునకు 2024వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన దేశ రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేసిరి. ఇట్టి కేంద్రము మొదట తమిళనాడులోని తిరునల్వేలి వద్ద ఏర్పడెను, ఇది రెండవది. దీనికొఱకు పోవు చెట్లను గుఱించియు, మూసీ పుట్టుచోటును గుఱించియు మన ప్రాంతపువారు పలువురు ఆందోళన తెలిపిరి. ఆ వివాదము పెద్దలు తేల్చుకొనవలసినది. ఇచ్చట నాకు కావలసినది ఆ యంత్రము పనిచేయు రీతి మాత్రమే.

సాధారణమైన రేడియో తరంగములు సముద్రపు నీటిలోనికి చొరజాలవు. మిక్కిలి పొడుగైన తరంగములు మాత్రము కొంత లోతువఱకు పోగలవు. కాని అట్టి తరంగముల మీద ఎక్కువ మాటలను ఎక్కింపరాదు. మాట వినబడదు, బొమ్మ కనబడదు. కొద్దిపాటి అక్షరములే మెల్లగా పోవును. జలాంతర్గామిలోనివారు ఆ తరంగముల మీద మారు పలుకలేరు. అందుచేత ఒడ్డుననున్నవారు ప్రతి యక్షరమును తూచి పంపవలెను. మన కాలపు గొప్ప యంత్రములలో ఒకటి ఇట్లు మితభాషియై యున్నది. ఎక్కువ మాటలాడుటయే అభివృద్ధి యను భ్రమకు ఇది చక్కని సమాధానము.

7. ఆలోచనను కూడ అప్పగింతుమా?

2022వ సంవత్సరము నవంబరులో చాట్‌జీపీటీ అను యంత్రము ప్రజలకు అందుబాటులోనికి వచ్చెను. ఆ తరువాత అట్టివి మఱికొన్ని వచ్చెను. అడిగినచో ఇవి వ్యాసమును వ్రాసియిచ్చును, లెక్కను చేసిచూపును. లెక్కలేనన్ని పుటల వ్రాతలను చదివించి, ఏ మాట తరువాత ఏ మాట రాదగునో ఊహించుట వీనికి నేర్పియున్నారు. అందుచే ఇవి నిజమును చక్కగా చెప్పునట్లే, తప్పును కూడ అంత చక్కగా చెప్పగలవు.

ఒక ఉదాహరణము. మూసీ నదిని గుఱించి వ్యాసము వ్రాయుడని ఉపాధ్యాయుడు చెప్పెననుకొనుడు. ఒకడు యంత్రమునడిగెను. మూసీ అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు మీదుగా పోయి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియునని అది వ్రాసియిచ్చెను. అందు తప్పు లేదు. మఱొకడు ఆదివారమున అనంతగిరికి నడచిపోయి, చెట్లనడుమ సన్నగా జాఱు నీటిని చూచెను. ఇంత సన్నని ధార 1908వ సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాదును ముంచి వేలకొలది ప్రజలనెట్లు బలిగొనెను అని వానికి సందేహము కలిగెను. ఆ సందేహముతో వాడు వానను గుఱించియు, వాగులను గుఱించియు, చెఱువు కట్టలను గుఱించియు విచారింపసాగెను. మొదటివానికి సమాధానము దొరికెను. రెండవవానికి ప్రశ్న దొరికెను. చదువు ప్రశ్నతోనే మొదలగును. యంత్రము సమాధానమీయగలదు గాని, మీకు బదులుగా సందేహపడజాలదు.

8. మేలును మఱువరాదు

ఇంత చెప్పినందున ఫోనును పాఱవేయుడని నా భావము కాదు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధిచేత బడులు మూతబడినపుడు, సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా మన రాష్ట్రపు పిల్లలకు పాఠములు అందెను. కూలి కొఱకు నగరములకును, గల్ఫు దేశములకును పోయిన తండ్రి రాత్రివేళ బిడ్డ ముఖము చూచి మాటలాడగలుగుచున్నాడు. చూపులేనివానికి ఫోను చదివి వినిపించుచున్నది. ఇవి చిన్న మేలులు కావు. ఇందులో ప్రతిదియు మనుష్యుని మనుష్యునికి దగ్గఱ చేర్చిన పని. యంత్రము ఆ పని చేసినంతవఱకు మనకు మిత్రమే.

కావున, విద్యార్థులారా, ఈ క్రింది నియమములను ఒక నెల దినములు ఆచరించి చూడుడు.

మొదటిది: మీవారి సంఖ్యలలో ఐదింటిని కంఠస్థము చేయుడు.

రెండవది: లెక్కను మొదట నోటితో చేసి, పిమ్మట యంత్రముతో సరిచూచుకొనుడు.

మూడవది: తెలుగు మాటను తెలుగు లిపిలోనే వ్రాయుడు.

నాల్గవది: ఏ వార్త వచ్చినను, దీనిని చూచినవాడెవడు, చెప్పినవాడెవడు, ఎప్పుడు జరిగినది అని అడిగి, జవాబు దొరకనిచో ఇతరులకు పంపకుడు.

ఐదవది: వ్యాసమును మొదట మీరు వ్రాయుడు. తప్పులున్నను అవి మీవి. దిద్దుకొనిన కొలది మీరు పెరుగుదురు.

తల్లిదండ్రులకును ఒక మనవి. భోజనపు వేళ పెద్దల చేతిలో ఫోను ఉండగా పిల్లలను వద్దనుట ఫలింపదు. ఆ యరగంట ఇంట నందఱును దానిని ప్రక్కనుంచి మాటలాడుకొనినచో, ఏ ఉపన్యాసమునకంటెను అది ఎక్కువ పనిచేయును.

తాండూరులో నాపబండలను పరీక్షించు అనుభవజ్ఞుని చూచితిరా? వాడు బండను కంటితో చూచి తృప్తిపడడు. సుత్తితో మెల్లగా తట్టి చెవి యొగ్గును. ఖంగున మ్రోగినచో గట్టిది. బొంగురుగా పలికినచో లోపల పగులున్నది. పైకి రెండును నున్నగానే కనబడును. మీ ఫోను తెచ్చు ప్రతి వార్తయు, ప్రతి సమాధానమును అట్టి బండయే. ఇంటికి పఱచుకొనుటకు ముందు ఒకసారి తట్టి వినుడు.